కలకు పొగ పెట్టు విధానం

అధివాస్తవిక (సర్రియలిస్టు) చిత్రాల స్ఫూర్తితో ఆంబియంట్, అంటే నేపథ్యంలో పరుచుకుని ఉండే సంగీతంతో, ఆల్బమ్ చేయదలచిన వారికి ముందుగా ఒక శుభవార్త. ఆ చిత్రకారుల పెద్దాయనకు సంగీతమంటేనే గిట్టదు. 1924లో పారిస్‌లో అధివాస్తవికతా ప్రణాళిక వెలువరించిన ఆంద్రే బ్రెటన్, 1928లో చిత్రకళ మీద రాసిన పుస్తకంలో సంగీతాన్ని కళలన్నిటిలోకీ అయోమయమైనదిగా తేల్చేశాడు. వాద్యబృందం మీద చీకటి అలాగే పడుతూ ఉండనిమ్మన్నాడు. అక్కడి నుంచి మెచ్చుకోలు ఎలాగూ రాదు కాబట్టి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఇంత స్వేచ్ఛ దొరికినా మన ఔత్సాహికులందరూ కలిసికట్టుగా ఒకే ఒక్క పని చేస్తున్నారంటే అది వారి క్రమశిక్షణకు నిదర్శనం. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

ఆ పని పొగ పెట్టడం.

విధానం ఇదీ. సింథసైజర్‌లో ఒక మైనర్ కార్డ్ (కలిసి మోగే దిగులు స్వరాల గుత్తి) నొక్కి పట్టుకోవాలి. అటాక్ (శబ్దం పైకి లేవడానికి పట్టే సమయం) 4 సెకన్లు, రిలీజ్ (మీట వదిలాక ఆరడానికి పట్టే సమయం) 8 సెకన్లు. పై ఫ్రీక్వెన్సీలను కోసే లో-పాస్ ఫిల్టరును 800 హెర్ట్జ్ దగ్గర మూసి, బాగా నెమ్మదైన ఎల్‌ఎఫ్‌ఓతో (మీటను దానంతట అదే తిప్పే నిదానపు తరంగంతో) 1200 దాకా తెరుస్తూ మూస్తూ ఉండాలి. ఆ తర్వాత రివర్బ్, అంటే కృత్రిమ ప్రతిధ్వని: డికే (అది ఆరిపోయే సమయం) 20 సెకన్లు, మిక్స్ (ప్రతిధ్వని పాలు) నూటికి నూరు. రివర్బ్ తోకను ఒక స్థాయి (ఆక్టేవ్) పైకెత్తి తిరిగి అదే రివర్బ్‌లో పోస్తే దాన్ని షిమ్మర్ అంటారు. దేవతలు దిగివస్తున్నట్టు ఉంటుంది, ఏ దేవతలని అడగకూడదు. పైన రవ్వంత టేపు హిస్ (పాత క్యాసెట్ల బుస). ఏడు నిమిషాలు అలా వదిలేసి ఫైలుకు ‘కరిగిన కాలం’ అని పేరు పెడితే అది డాలీకి అంకితం. అదే ఫైలుకు ‘ఆకాశానికి కిటికీ’ అని పెడితే మాగ్రిట్. ‘తీరం లేని తీరం’ అంటే ఈవ్ తాంగీ. ముగ్గురూ ఆ చిత్రకారులే. ఒక్క ప్యాచ్‌తో (సింథసైజర్ అమరికతో) మ్యూజియం మొత్తం పూర్తవుతుంది.

ఈ 20 సెకన్ల డికేకు ఒక సాంకేతిక పర్యవసానం ఉంది. రివర్బ్‌కు ముందు 200 హెర్ట్జ్ దిగువభాగాన్ని కోయకపోతే ఒక్కో స్వరం అడుగు మరో స్వరం అడుగు మీద పేరుకుంటూ పోయి, మూడో నిమిషానికి కింది స్థాయిలంతా బురదవుతుంది. కోసినా 500 దాకా ఎంతోకొంత బురద మిగులుతుంది. పైగా కార్డ్ మార్చిన క్షణాన పాత కార్డ్ పోదు, ఇంకో 20 సెకన్లు ఇంట్లోనే ఉంటుంది. రెండు కార్డులు ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటాయి. అందుకే అనుభవజ్ఞులు కార్డ్ మార్చరు. వినేవాళ్లు దాన్ని ధ్యానం అనుకుంటారు.

ఈ శాఖకు ఆంబియంట్ అని పేరు స్థిరపరిచిన బ్రయన్ ఈనో 1978లోనే ఒక షరతు పెట్టాడు: ఈ సంగీతం చెవి ఒగ్గి వింటే ఆసక్తిగా ఉండాలి, పట్టించుకోకుండా వదిలేసినా ఇబ్బంది ఉండకూడదు. మనవాళ్లు ఇందులో రెండో సగాన్ని సంపూర్ణంగా సాధించారు. మొదటి సగం పెండింగ్‌లో ఉంది. తంబూరా శ్రుతి చేసి, అరగంట మీటి, పాడేవారు వేదిక ఎక్కకముందే మంగళం పలికిన కచేరీ ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆల్బమ్.

పొగ విధానంలో మొదటి నియమం బొమ్మను చూడకపోవడం. చూస్తే లేనిపోని చిక్కులు. డాలీ 1931లో వేసిన మెత్తని గడియారాల బొమ్మనే తీసుకోండి. న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఉన్న ఆ కాన్వాసు కొలత 24 × 33 సెంటీమీటర్లు, అంటే ఏ4 కాగితం కన్నా పొడవులోనూ వెడల్పులోనూ మూడేసి సెంటీమీటర్లు ఎక్కువ. దాని మీద గంటన్నర డ్రోన్ (ఆగకుండా మోగే ఒకే స్వరం) చేసినవాళ్లకు ఈ సంగతి చెప్పడం మర్యాద కాదు. అంతకన్నా ఇబ్బందికరమైనది ఇంకోటి ఉంది. ఆ బొమ్మలో ఎక్కడా పొగ లేదు. గడియారాల ముళ్లు, అంకెలు స్పష్టంగా ఉన్నాయి. మెత్తబడని నాలుగో గడియారం మీద చీమలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. ఇంకో గడియారం మీద ఈగ, ఆ ఈగకు నీడ. వెనకాల స్పెయిన్ తీరపు కాప్ దే క్రూస్ కొండలు చాలా దూరాన ఉన్నాయి, అయినా అంచులు బ్లేడుతో కోసినట్టే ఉన్నాయి. తన బొమ్మలు చేత్తో గీసిన కలల ఫోటోలన్నాడు డాలీ. ఫోటో అన్నాక ఫోకస్ ఉంటుంది.

మాగ్రిట్ దగ్గరా ఇదే గొడవ. ఆయన రాయి రాయిలాగే ఉంటుంది, కాకపోతే గాల్లో ఉంటుంది. తాంగీ ఒక్కడే మనకు కొంత ఆసరా. నేలకూ ఆకాశానికీ మధ్య గీతను చెరిపేస్తాడు, దూరాన మసకగా వదిలేస్తాడు. కానీ ఆ మసకలో పెట్టిన ఎముకల్లాంటి, గులకరాళ్ల లాంటి వస్తువులన్నీ పదునైనవే, ప్రతిదానికీ కత్తిరించినట్టు నీడ. ఎటు చూసినా ఈ పెద్దమనుషులకు కల అంటే తప్పు చోట నిలబడ్డ స్పష్టమైన వస్తువు. మనకేమో కల అంటే అద్దం మీద ఆవిరి. వాళ్లు పొరబడ్డారనే అనుకుందాం.

అయితే కొందరు నియమం మీరి బొమ్మను చూస్తున్నారు. చూశాక దురాలోచనలు కలుగుతున్నాయి. అవి ఏవో, ఎలా చేస్తారో, ఎక్కడ బెడిసికొడతాయో తెలిసి ఉంటే మిగతావారు జాగ్రత్తపడొచ్చు.

మొదటి దురాలోచన దూరంతో ఆటలాడడం. శబ్దం ఎంత దూరంలో ఉందో చెవి ముఖ్యంగా నాలుగు ఆనవాళ్లతో పోల్చుకుంటుంది. ఎంత గట్టిగా ఉంది, నేరుగా వచ్చినదానికీ ప్రతిధ్వనికీ పాళ్లెంత, పై ఫ్రీక్వెన్సీలు ఎంత అరిగాయి, నేరు శబ్దానికీ మొదటి ప్రతిధ్వనికీ మధ్య ఎడమెంత. పొగ విధానంలో నాలుగూ ఒకే పాట పాడతాయి: దూరం, దూరం. డాలీ కొండల్లో మాత్రం అవి పోట్లాడుకుంటాయి. ఆ పోట్లాటను వినిపించాలని పట్టుదల పట్టినవాడు ఒక శబ్దాన్ని 24 డీబీ (డెసిబెల్) తగ్గిస్తాడు, రివర్బ్ చుక్క కూడా పెట్టడు, 10 కిలోహెర్ట్జ్ పైన ఏమీ కోయడు. దాని పక్కనే ఇంకో శబ్దాన్ని 4 కిలోహెర్ట్జ్ దగ్గర కోసి, రివర్బ్‌లో ముంచి, ప్రీ-డిలే (నేరు శబ్దానికీ ప్రతిధ్వనికీ మధ్య ఎడం) సున్నా చేసి, గట్టిగా ముందుకు తోస్తాడు. అప్పుడు చిన్నది చెవి పక్కన నిలబడి గుసగుసలాడుతుంది, పెద్దది కొండ అవతలి నుంచి మీద పడుతుంది. వినేవాళ్లు హెడ్‌ఫోన్ తీసి చూసుకుంటారు. ఇది చెడేది చివర్లో, మాస్టరింగ్ (విడుదలకు ముందు తుది మెరుగు) దగ్గర. అక్కడ గట్టి శబ్దాలను నొక్కే కంప్రెసర్‌ను 4:1లో పెట్టి అన్నిటినీ ఒకే ఎత్తుకు లాగితే ఆ గుసగుస మామూలు మాటైపోతుంది. నిష్పత్తి 2:1 దాటకుండా, తగ్గింపు 2 డీబీ మించకుండా చూసుకుంటే పోట్లాట బతుకుతుంది. కనుక పొగ పక్షం వారు 4:1నే వాడాలి.

రెండోది గడియారం. డాలీ మీద మోజు పడ్డవారు టిక్‌టిక్‌ను సాగదీయకుండా ఉండలేరు, దానికి ఎవరి అభ్యంతరమూ లేదు. ఆడాసిటీ అనే శబ్దాల సాఫ్ట్‌వేర్‌లో పాల్‌స్ట్రెచ్ అనే ఎఫెక్ట్ ఉంది. సాగదీత 10 రెట్లు, టైమ్ రిజల్యూషన్ పావు సెకను అని ముందే నింపి ఉంటుంది, బటన్ నొక్కితే చాలు. అది శబ్దాన్ని పావు సెకను ముక్కలుగా తీసుకుని, ఏ ఫ్రీక్వెన్సీకి ఎంత బలమో అలాగే ఉంచి, ఫేజ్‌లను (ఏ తరంగం ఎప్పుడు లేస్తుందన్న వరసను) మాత్రం చిందరవందర చేస్తుంది. టిక్ అనే శబ్దం ప్రాణమంతా మొదటి కొన్ని మిల్లీసెకన్లలో ఉంటుంది. ఫేజ్ చెదిరితే ఆ ప్రాణం అలుక్కుపోతుంది. బయటికొచ్చేది కరిగిన గడియారం కాదు, సీలింగ్ ఫ్యాను. బొమ్మ చూసినవాడు ఏం చేస్తాడంటే, టిక్‌లో మొదటి 10 మిల్లీసెకన్లు కోసి పొడిగా అలాగే ఉంచుతాడు. మిగిలినదాన్ని ఒక ఇరుకు పట్టీని మాత్రమే వదిలే బ్యాండ్-పాస్ ఫిల్టరులోకి పంపి, రెజొనెన్స్‌ను (ఆ పట్టీని నొక్కి మోగించే గుణాన్ని) ఫిల్టరు తనంతట తాను మోగే అంచు దాకా పెంచి, 1200 హెర్ట్జ్ నుంచి 300కు రెండు సెకన్లలో జారుస్తాడు. ముల్లు ముల్లులాగే ఉంటుంది, ఒళ్లు జారుతుంది. అతుకు దగ్గర 2 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరిగే కలయిక) మరిచిపోతే టిక్ పక్కన ఇంకో టిక్ పుడుతుంది. రెజొనెన్స్ ఇంకో రవ్వ పెంచితే ఫిల్టరే ఈల వేసుకుంటూ పోతుంది, గడియారంతో దానికిక పని లేదు.

మూడోది మాక్స్ ఎర్న్‌స్ట్ పుణ్యం. ఆయన 1925లో నేల చెక్కల మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది, లేచిన చారల్లో అడవులూ పక్షులూ చూశాడు. దీనికి ఫ్రొటాజ్ అని పేరు. దీన్ని వినికిడిలోకి తేవాలంటే చెక్కకు చెవి ఆనించాలి. కంపనాన్ని విద్యుత్తుగా మార్చే 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ల టీ డబ్బులకు దొరుకుతుంది. కవచమున్న తీగలో లోపలి పోగును మధ్యనున్న తెల్లటి పింగాణీ భాగానికి, బయటి అల్లికను ఇత్తడి అంచుకు సోల్డరు చేయాలి. తెల్లభాగం మీద సోల్డరింగ్ ఐరన్ రెండు సెకన్లకు మించి ఆనితే వెండిపూత లేచిపోతుంది, బిళ్ల చెత్తబుట్టకే. తర్వాత అందరూ చేసే పొరపాటు దాన్ని మామూలు లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చడం. బిళ్ల కెపాసిటెన్స్ సుమారు 20 నానోఫారడ్లు. లైన్ ఇన్‌పుట్ నిరోధం 10 కిలోఓములైతే ఆ రెండూ కలిసి 800 హెర్ట్జ్ దిగువంతా కోసిపారేస్తాయి. వినబడేది చెక్క కాదు, రేకుడబ్బా. పీజో అంటే ఇంతేనని చాలామంది అక్కడే వదిలేస్తారు. గిటారుకని పెట్టిన 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌లో గుచ్చితే ఆ కోత 8 హెర్ట్జ్‌కు దిగిపోతుంది, తలుపుచెక్క గుండె చప్పుడు కూడా వస్తుంది. ఇక దువ్వెన, బియ్యపు గింజలు, గరుకు కాగితం ఏవైనా రుద్దొచ్చు. రుద్దిన శబ్దంలో ఏ పక్షి ఉందో వెతకడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక లేనివారి కోసమే 20 సెకన్ల రివర్బ్‌ను సృష్టికర్త ప్రసాదించాడు.

నాలుగో పద్ధతి చూడ్డానికి చాలా నిజాయితీగా ఉంటుంది: బొమ్మనే శబ్దంగా మార్చేయడం. రష్యన్ ఇంజనీరు యెవ్గెనీ ముర్జిన్ కట్టిన ఏఎన్ఎస్ సింథసైజర్‌లో నల్లపూత పూసిన గాజుపలక మీద గీతలు గీకితే అవే మోగేవి. మొత్తం 720 స్వరాలు, స్థాయికి 72. ఇప్పుడు దాని నకలు వర్చువల్ ఏఎన్ఎస్ అనే పేరుతో కంప్యూటర్‌కు ఉచితంగా దొరుకుతుంది. ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి స్థాయి, వెలుగు ఎంతో శబ్దం అంత. అధివాస్తవిక చిత్రాల్లో పైన ఉండేది సాధారణంగా ఆకాశం. ఆకాశం వెలుగు, పైన ఉన్నది హెచ్చు ఫ్రీక్వెన్సీ. కాబట్టి ఏ కళాఖండం వేసినా మొదటి నుంచి చివరి దాకా స్స్స్ అంటుంది. బొమ్మలోని మనుషులను ముదురురంగుల్లో వేసి ఉంటే వాళ్లున్న చోట చిన్న చిన్న నిశ్శబ్దాలు. నెగటివ్ చేసి, కాంట్రాస్ట్ పెంచి, ఆకాశాన్ని పూర్తిగా నల్లగా దించితే తప్ప వస్తువులు నోరు విప్పవు. ఇలాంటి వేరే సాఫ్ట్‌వేర్‌లో స్కేలు లీనియర్‌గా (హెర్ట్జ్ లెక్కన సమంగా) ఉంటే సగం బొమ్మ 10 కిలోహెర్ట్జ్ పైన కూర్చుంటుంది, పెద్దవయసు చెవులకు అందదు. లాగరిథమిక్‌కు (స్థాయిల లెక్కన సమంగా) మార్చాలి. ఏమీ మార్చనివారికి పొగ దానంతట అదే వస్తుంది కాబట్టి ఈ పద్ధతిని ఆమోదించవచ్చు.

ఇక తెలుగువారికి ప్రత్యేకించి పొంచి ఉన్న ప్రమాదం ఒకటుంది. 1953లో మాగ్రిట్ వేసిన బొమ్మ పేరే ‘గోల్కొండ’. హ్యూస్టన్‌లోని మెనిల్ కలెక్షన్‌లో ఉంది, అక్కడి తెలుగు కుటుంబాలు కారెక్కితే వెళ్లి చూడగలిగినంత దగ్గర. బొమ్మలో కోట లేదు, వజ్రమూ లేదు. ఎర్రకప్పుల ఇళ్లు, నీలాకాశం, వాటి ముందు నల్లకోటు, బౌలర్ టోపీ వేసుకున్న మగవాళ్లు డజన్లకొద్దీ గాల్లో. కురుస్తున్నారో, లేస్తున్నారో, నిలబడ్డారో తెలియదు. పేరు సూచించింది కవి లూయీ స్క్యూటెనేర్. మన ఊరి పేరు ఇంత అకారణంగా అక్కడికి చేరిందంటే అంతకన్నా అధివాస్తవికత ఏముంటుందని ఎవరైనా ఆల్బమ్ మొదలుపెట్టొచ్చు.

మొదలుపెట్టినవాడు బొమ్మను తేరిపార చూశాడో, అయిపోయాడు. ఆ మనుషులు చెల్లాచెదురుగా లేరు. గళ్లకాగితం మీద పెట్టినట్టు సమాన దూరాల్లో ఉన్నారు, దగ్గరి వరస, మధ్య వరస, దూరపు వరస. దూరపువాళ్లు చిన్నగా ఉన్నారే గానీ మసకబారలేదు. అంటే 40 మిల్లీసెకన్ల చెక్కదెబ్బ ఒక్కటి చాలు, దాన్నే మూడు వరసల్లో 0, −9, −18 డీబీల్లో, ఒకే మెరుపుతో, ఒకే ఎడంతో పేర్చాలి. సాఫ్ట్‌వేర్‌లో సమయాలను కాస్త అటూ ఇటూ జరిపే హ్యూమనైజ్ అనే బటన్ జోలికి పోకూడదు. వాళ్ల భయమంతా ఆ సమానతలోనే ఉంది. కింద షెపర్డ్ స్వరం: 30 హెర్ట్జ్ నుంచి స్థాయికి ఒకటి చొప్పున 9 సైన్ తరంగాలు (ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న శుద్ధ స్వరాలు), ఒక్కొక్కటీ 30 సెకన్లలో ఒక స్థాయి ఎక్కాలి. బలం గంట ఆకారంలో 680 హెర్ట్జ్ దగ్గర శిఖరానికి చేరి, రెండు కొసల్లో పూర్తిగా సున్నా కావాలి. అప్పుడు స్వరం ఎప్పటికీ ఎక్కుతూనే ఉన్నట్టు, ఎప్పటికీ అక్కడే ఉన్నట్టు ఉంటుంది. ఎడమ చెవికి ఎక్కేది, కుడి చెవికి దిగేది ఇస్తే మాగ్రిట్ మనుషుల పరిస్థితి తెలిసొస్తుంది. అడుగున సున్నా కాకపోతే కొత్త తరంగం వచ్చి చేరడం వినిపించి గుట్టు రట్టవుతుంది. దీని మీద రివర్బ్ వేస్తే పాత స్వరాలు కొత్తవాటి మీద ఎక్కి ఫ్యాక్టరీ సైరన్ అవుతుంది. రివర్బ్ వల్ల పొగ కాక వేరేది వచ్చే అరుదైన సందర్భం ఇది.

ఇంతటితో ఆగక కొందరు అసలు కోటకే బయల్దేరతారు. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు అవతల, కొండమీది బాలాహిస్సార్‌లో వినబడడాన్ని ప్రతి గైడూ ప్రదర్శిస్తాడు. ఆ ధ్వనిగుణాన్ని పట్టి తెచ్చి కాన్వల్యూషన్ రివర్బ్‌లో (అసలు చోటు ప్రతిధ్వనిని అచ్చువేసే రివర్బ్‌లో) పెట్టుకోవాలని ఆశ. చప్పట్లనే రికార్డు చేసుకుంటే సరిపోదు. చప్పట్లో బలమంతా పై ఫ్రీక్వెన్సీలదే, కింద ఏమీ ఉండదు. సరైన దారి 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా 20 సెకన్ల సైన్ స్వీప్ (కింది నుంచి పైకి జారే ఒకే స్వరం) మోగించి, రికార్డు చేసి, డీకాన్వల్యూషన్ చేయడం, అంటే లెక్కతో స్వీప్‌ను తీసేసి ఆ చోటి ప్రతిధ్వనిని మిగల్చడం. స్వీప్ నిడివి రెట్టింపు చేస్తే రొద మీద 3 డీబీ పైచేయి దొరుకుతుంది. స్పీకరూ స్టాండూ మోసుకెళ్లాలంటే పురావస్తు శాఖ అనుమతి తెచ్చుకోవాలి. అది తెచ్చుకున్నా పైన గాలి, కింద సందర్శకులు, వాళ్ల చప్పట్లు. కింద మోగించే యంత్రం, పైన రికార్డు చేసే యంత్రం వేర్వేరు కాబట్టి వాటి గడియారాలు కలవవు. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా 20 సెకన్లలో 0.4 మిల్లీసెకను జరిగిపోయి పై ఫ్రీక్వెన్సీలు అలుక్కుపోతాయి. కిలోమీటరు రావడానికి శబ్దానికి దాదాపు 2.9 సెకన్లు పడుతుంది. ఆ ఖాళీని ఫైలు మొదట్లో కోయడం మరిస్తే ఏ మీట నొక్కినా మూడు సెకన్ల తర్వాత మోగుతుంది, వాయించేవాడు కేబుల్‌ను తిడతాడు.

వీటన్నిటినీ దాటి తెచ్చుకున్నాక అసలు నిరాశ. కోటలో ఆ ఏర్పాటు కింది కబురు చెడకుండా పైకి చేరడానికని చెబుతారు. 20 సెకన్ల తోక కోసం వెళ్లినవాడికి అక్కడ దొరికేది దూరాన కూడా పోల్చుకోగలిగే దెబ్బ, అంటే డాలీ కొండల బాపతే. పొగ పక్షానికి కుతుబ్‌షాహీలు చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు. దీనికి విరుగుడు ఉంది: ప్లగిన్‌లో ఆ ఇంపల్స్‌ను (పట్టి తెచ్చిన ప్రతిధ్వని ఫైలును) ఎనిమిది రెట్లు సాగదీసి, ‘గోల్కొండ కోటలో రికార్డు చేయబడినది’ అని ఆల్బమ్ వివరాల్లో రాసుకోవడం. రెండూ అబద్ధం కావు.

లూపులు (తిరిగి తిరిగి మోగే శబ్దపు ముక్కలు) వాడేవారికి ఒక లెక్క. 20, 30, 40 సెకన్ల లూపులు కలిపి తిప్పితే సరిగ్గా రెండు నిమిషాలకు మొదటికొస్తాయి. 17, 23, 31 సెకన్లైతే మళ్లీ ఒకచోట కలవడానికి 3 గంటల 22 నిమిషాల 1 సెకను. పొగలో ఈ తేడా ఎవరికీ తెలియదు, కాబట్టి గుండ్రని అంకెలే మంచివి.

విడుదల సంగతి. స్పాటిఫై 30 సెకన్లు వింటే గానీ ఒక ప్లే అని లెక్కపెట్టదు. శబ్దం పైకి తేలడానికే 40 సెకన్లు తీసుకునే ట్రాకులో ఆ ప్లే నిశ్శబ్దానికి పడుతుంది. 2024 నుంచి ఏడాదిలో 1000 ప్లేలు రాని ట్రాకుకు పైసా లేదు. వానచప్పుడు, ఫ్యానుచప్పుడు లాంటి రొద ట్రాకులకైతే కనీసం 2 నిమిషాల నిడివి ఉండాలి, ప్లేకు ఇచ్చేది కూడా సంగీతం కన్నా తక్కువ. ఆల్బమ్ ఏ కోవకు వస్తుందని ఫారం అడిగినప్పుడు ‘సంగీతం’ అని గుండె దిటవు చేసుకుని రాయాలి.

కవర్ మీద బొమ్మ వేయడం గురించి మాత్రం వ్యంగ్యం పక్కనపెట్టి చెప్పాలి. కళాకారుడు పోయాక హక్కులు మన దేశంలో 60 ఏళ్లు, ఐరోపా యూనియన్‌లో 70 ఏళ్లు. మాగ్రిట్ 1967లో పోయాడు, కాబట్టి ఇక్కడ 2027 చివరిదాకా, అక్కడ 2037 చివరిదాకా. డాలీ పోయింది 1989లో, ఆయన విషయంలో ఇక్కడ 2049, అక్కడ 2059. అమెరికా లెక్క ఇంకోటి. ఆల్బమ్ ఒకేసారి అన్ని దేశాల్లో విడుదలవుతుంది కాబట్టి అన్నిటికన్నా పొడుగైన లెక్కే పాటించాలి. తాంగీ 1955లో పోయాడు, ఐరోపాలో కూడా 2025తో గడువు తీరింది, అమెరికా లెక్క మాత్రం విడిగా చూసుకోవాలి. కానీ కవర్ 3000 × 3000 పిక్సెళ్ల చదరంగా ఉండాలంటారు. తాంగీ పేరుమోసిన బొమ్మల్లో నిలువువి చాలా ఉన్నాయి. పైన మసక కోయాలా, కింద నీడలు కోయాలా అని తేల్చుకోవాలంటే ఒకసారి బొమ్మ చూడక తప్పదు. దీనికి ప్లగిన్ ఇంకా రాలేదు.